దంచండి, పది నిమిషాలు ఆగండి: తెల్లగడ్డను వంటకూ వంటింటి వైద్యానికీ సరిగ్గా వాడుకునే పద్ధతి

మా ప్రొద్దుటూరు అంగట్లో వెల్లుల్లి అని అడిగినా ఇస్తారు. మాలో మేము మాట్లాడుకునేటప్పుడు మాత్రం అది తెల్లగడ్డే, ఉల్లిపాయ ఎర్రగడ్డ. సంగటిలోకి ఊరిబిండి నూరినా, దోశ మీద ఎర్రకారం పూసినా, జలుబు చేసినవాళ్లకు చారు కాచినా, బాలింతకు మొదటి ముద్ద కలిపినా మా సీమ ఇళ్లలో తెల్లగడ్డ లేకుండా జరగదు.

ఇంతగా వాడే వస్తువును ఎలా వాడాలో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అందుకు రెండు కారణాలున్నాయి. మా నాయనకు బీపీ. ఎవరో చెప్పారని రోజూ పరగడుపున నాలుగు పచ్చి రెబ్బలు నీళ్లతో మింగుతూ, మూడు వారాలు మాత్రలు మానేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున్నే తల తిరిగి దొడ్లో కూలబడ్డాడు. ఆస్పత్రిలో చూస్తే బీపీ పై అంకె 200 దాటింది. రెండోది మా చెల్లెలి కొడుకు సంగతి. ఏడాదిన్నర పిల్లాడికి రొమ్ము పడిశం పట్టిందని, దంచిన తెల్లగడ్డను గుడ్డలో కట్టి ఛాతీ మీద పెట్టి నిద్రపుచ్చారు. తెల్లారేసరికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కింది. ఇప్పటికీ మచ్చ ఉంది.

రెండు చోట్లా తప్పు తెల్లగడ్డది కాదు, మేము వాడిన తీరుది. అందుకే కొనడం దగ్గర నుంచి మందుగా వాడటం దాకా నేను పాటించే పద్ధతంతా రాస్తున్నాను.

ముందు తెలుసుకోవలసిన ఒక్క సంగతి

వలిచిన తెల్లగడ్డ రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకోండి, పెద్దగా వాసన రాదు. దాన్నే రోట్లో వేసి ఒక్క పోటు పొడవండి, ఇల్లంతా కమ్ముకుంటుంది. రెబ్బ లోపల అల్లియిన్ అనే పదార్థం ఒక అరలో, అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. దంచినప్పుడు గోడలు పగిలి ఆ రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేదే అల్లిసిన్. ఆ ఘాటు, సూక్ష్మక్రిములను అణిచే ఆ గుణం దానివే. 1944లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసి చూపారు.

ఆ ఎంజైమ్ వేడికి తట్టుకోదు. అప్పుడే దంచిన ముద్దను వెంటనే కాగే నూనెలో వేస్తే, పని పూర్తిగా కాకముందే అది చచ్చిపోతుంది. పది నిమిషాలు ఆగితే అల్లిసిన్ తయారైపోయి ఉంటుంది. ఆ తర్వాత పొయ్యి మీదికి పోయినా కొంత మేలు మిగులుతుంది. పులుపు కూడా ఆ ఎంజైమ్‌కు గిట్టదు. కాబట్టి చింతపండు, నిమ్మరసం దంచేటప్పుడే కలపకండి, ఆ పది నిమిషాల తర్వాత కలపండి.

నాయన పొరపాటు ఇంకొకటి కూడా ఇక్కడే ఉంది. రెబ్బను నమలకుండా మాత్ర మాదిరి మింగితే అరలు పగలవు. కడుపులోని ఆమ్లం తగిలాక ఎంజైమ్ పని చాలావరకు ఆగిపోతుంది. ఘాటు తెలియకుండా మింగడం తేలికే, దక్కే ఫలం మాత్రం కొంచెమే.

మా అవ్వ ఎప్పుడూ తెల్లగడ్డ ముందే దంచి గిన్నెలో పెట్టుకునేది. ఆమెకు ఈ శాస్త్రం తెలిసి చేసిందని నేను చెప్పను. రోలు ఒకటే, పొయ్యి ఒకటే. నూరుడు పని ముగించుకుంటే గానీ పొయ్యి దగ్గర కూర్చునే వీలుండదు. ఆ ఇరుకులో పుట్టిన అలవాటు మాకు మేలు చేసింది. మిక్సీ వచ్చాక ఆ వ్యవధి పోయింది. ఇప్పుడు మనం కావాలని ఆగాలి.

మొదటి మెట్టు: కొనేటప్పుడు

మన మార్కెట్లకు వచ్చే తెల్లగడ్డలో ఎక్కువ భాగం మధ్యప్రదేశ్ నుంచి వస్తుంది. మందసౌర్, నీమచ్ అక్కడి పెద్ద మండీలు. అక్టోబరు, నవంబరుల్లో నాటి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల తవ్వుతారు. ఏడాదికి సరిపడా కొనుక్కునేవాళ్లు కొత్త సరుకు బాగా ఆరి వచ్చే ఏప్రిల్, మే నెలల్లో కొంటే ధరా కలిసొస్తుంది, గడ్డా నిలుస్తుంది. 2024 చివర్లో కిలో 400 రూపాయల దాకా పోయిన రోజుల్లో, వేసవిలో కొని పెట్టుకున్న ఇళ్లకు ఆ టెన్షన్ లేదు.

గడ్డను చేతిలోకి తీసుకుని వేలితో నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉండాలి. మెత్తగా దిగితే లోపల ఎండిపోయిందనో కుళ్లిందనో అర్థం. పొట్టు కాగితంలా ఎండి గలగలలాడాలి. అడుగున నల్లటి బూజు పొడి కనిపిస్తే తీసుకోవద్దు. మరీ పెద్ద రెబ్బల గడ్డ వలవడానికి సుఖమే గానీ, చిన్న రెబ్బల నాటు గడ్డకు ఘాటు ఎక్కువ. కారాలకూ చారుకూ నేను నాటుదే తీసుకుంటాను. బాగా లావుగా, తెల్లగా మెరుస్తూ, చాలా చవగ్గా అమ్ముతుంటే ఎక్కడి సరుకో అడగండి. చైనా తెల్లగడ్డ దిగుమతిని మన దేశం 2014 నుంచి నిషేధించింది.

రెండో మెట్టు: నిల్వ

మన ఎండ ఇక్కడ మనకు చుట్టం. కడప వేసవి గాలిలో తడి ఉండదు కాబట్టి జల్లెడలోనో వెదురు బుట్టలోనో పోసి, నేరుగా ఎండ తగలని చోట పెడితే గడ్డలు నెలల తరబడి నిలుస్తాయి. ఆకులతో దొరికితే జడలా అల్లి వంటింటి దూలానికి వేలాడదీయడం అన్నిటికన్నా మేలు. ప్లాస్టిక్ కవరులో మూట కట్టొద్దు. ఉర్లగడ్డల (బంగాళాదుంపల) పక్కన పెట్టొద్దు, ఆ తడికి త్వరగా మొలకెత్తుతుంది. విడదీయని గడ్డను ఫ్రిజ్‌లో పెట్టినా అంతే, చలికి మొలక వస్తుంది.

వానలు మొదలయ్యాక వారానికోసారి బుట్టను తిరగేసి చూడండి. మెత్తబడిన ఒక్క గడ్డ పక్కవాటిని కూడా పాడు చేస్తుంది. పచ్చ మొలక వచ్చిన రెబ్బ విషం కాదు. నిలువునా చీల్చి, కాస్త చేదుగా ఉండే ఆ మొలకను తీసేసి వాడుకోవచ్చు. బూజు పట్టినది మాత్రం కోసి బాగు చేసే ప్రయత్నం వద్దు, పారేయండి.

మూడో మెట్టు: వలవడం

నాలుగైదు రెబ్బలైతే కత్తి మొద్దు వైపుతో ఒక్కటి తట్టండి, పొట్టు వదిలేస్తుంది. పావుకిలో, అరకిలో ఉంటే గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి చేత్తో నలపండి. పచ్చడికి కిలోల లెక్కన కావాలంటే అవ్వ పద్ధతే పద్ధతి. రెబ్బలు విడదీసి, కొంచెం నూనె రాసి, గంటసేపు మంచి ఎండలో పెట్టి, చాటలో వేసి అరచేత్తో నలిపి చెరిగితే పొట్టంతా ఎగిరిపోతుంది. నీళ్లు తగలవు కాబట్టి పచ్చడికి ఇదే సరైనది.

వలిచినవి మూత గట్టిగా ఉన్న పొడి డబ్బాలో, ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. పొట్టు కారానికి పనికొస్తుంది, మొత్తం పారేయకండి. మా సీమ కారాల్లో లోపలి పల్చటి పొట్టుతోనే దంచుతాం.

నాలుగో మెట్టు: దంచడం, ఆగడం

ఎంత మెత్తగా దంచితే అంత అల్లిసిన్. నిలువుగా కోసిన ముక్కల కన్నా సన్నగా తరిగినవి, వాటికన్నా దంచినవి మేలు. మిక్సీలోనూ అవుతుంది, దోషం లేదు. వంట మొదలుపెట్టేముందు మొట్టమొదట చేసే పని ఇదే కావాలి. తెల్లగడ్డ దంచి పక్కన పెట్టి, అప్పుడు బియ్యం కడగండి, ఎర్రగడ్డలు తరగండి, పొయ్యి వెలిగించండి. ఆ పనులు అయ్యేసరికి పది నిమిషాలు దాటిపోతాయి, గడియారం చూడక్కర్లేదు.

నెలకు సరిపడా అల్లం తెల్లగడ్డ ముద్ద చేసి పెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఆ ముద్దలో రుచి మిగులుతుంది గానీ అల్లిసిన్ రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మాంసం కూరకు అది చాలు. చారుకు, కారానికి అప్పటికప్పుడు దంచండి.

ఐదో మెట్టు: వంటలో ఎక్కడ, ఎప్పుడు

పప్పు తిరగమోతలో చాలామంది చేసే తప్పు తెల్లగడ్డను ఆవాల కన్నా ముందు వేయడం. మాడిన తెల్లగడ్డ చేదు గిన్నె మొత్తానికీ ఎక్కుతుంది. నూనె కాగాక ఆవాలు చిటపటలాడనివ్వండి, జీలకర్ర, ఎండుమిరప వేయండి, మంట తగ్గించి అప్పుడు చితక్కొట్టిన రెబ్బలు వేయండి. అంచు బంగారు రంగుకు రాగానే కరివేపాకు వేసి పప్పులో కలిపేయండి. గోధుమ రంగు వచ్చేదాకా చూస్తూ ఉంటే ఆలస్యమైనట్టే, దించాక కూడా నూనె వేడికి అది వేగుతూనే ఉంటుంది.

దోశ మీద పూసే ఎర్రకారం మా కడప జిల్లా సొంతం అని గర్వంగా చెప్పుకుంటాం. పది ఎండుమిరపకాయలను తొడిమలు తీసి వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. ఒక పెద్ద ఎర్రగడ్డ, ఎనిమిది తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు చేర్చి మెత్తగా రుబ్బండి. పది నిమిషాలు ఆగి, కొంచెం చింతపండు గుజ్జు కలపండి. దోశ పెనం మీద ఉండగానే పల్చగా పూసి, పైన పప్పుల పొడి చల్లండి. పూసిన కారానికి అడుగు నుంచి మాత్రమే సెగ తగులుతుంది కాబట్టి పచ్చి ఘాటు పూర్తిగా పోదు. కడుపులో మంట ఉన్నవాళ్లు ఈ దోశ రాత్రిపూట తినకపోవడం మంచిది.

తెల్లగడ్డ కారం ఇంట్లో ఉంటే కూర లేని రోజు దిగులుండదు. పదిహేను ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర అర చెంచా నూనెలో సన్నని సెగ మీద వేయించి బాగా చల్లారనివ్వండి. రాళ్లుప్పు, గింజలు తీసిన చింతపండు ఉసిరికాయంత వేసి పొడి కొట్టండి. ఇక్కడ పొడిలో పులుపు ముందే ఉంటుంది కాబట్టి, రెండు గడ్డల రెబ్బలను వేరుగా కచ్చాపచ్చాగా దంచి, ఆగి, చివర్లో పొడిలో వేసి రెండు తిప్పులు తిప్పి ఆపేయండి. మెత్తటి ముద్ద కాకూడదు, చేతికి తడి పొడిలా తగలాలి. తడి ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి పదిహేను రోజుల్లో అవగొట్టండి. వేడన్నం, నెయ్యితో ఎంత బాగుంటుందో, జొన్నరొట్టె మీద పచ్చి నూనె చుక్కతో కూడా అంతే బాగుంటుంది.

ఊరిబిండికి పెద్ద కొలతలేమీ లేవు. వేయించిన చెనిక్కాయ (వేరుశనగ) గింజలు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో బరకగా నూరి, ముందే దంచి ఉంచిన నాలుగు రెబ్బలు, సగం ఎర్రగడ్డ చివర్లో వేసి ఒకసారి తొక్కడమే. రాగి సంగటి ముద్ద పక్కన అది ఉంటే వేరే ఏదీ అడగరు.

పచ్చి తెల్లగడ్డ పడని వాళ్లు చాలామంది ఉంటారు. అందులోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం పేగుల్లో పులిసి గ్యాస్ పుట్టిస్తుంది. వాళ్లు కూరలో రెండు రెబ్బలు మొత్తంగా వేసి ఉడికించి, తినేటప్పుడు పక్కకు తీసేస్తే కొంత నయం. ఫ్రక్టాన్లు నీళ్లలోకి దిగుతాయి, నూనెలోకి దిగవు. కాబట్టి నూనెలో రెబ్బలను వేయించి, వాటిని తీసేసి, ఆ నూనెతో తిరగమోత పెట్టుకోవడం వాళ్లకు ఇంకా మంచి దారి. అసలు తినని ఇళ్లూ మా ఊళ్లో ఎన్నో ఉన్నాయి. కార్తీక మాసంలో మానేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల చారులో ఇంగువ ఆ లోటు తీరుస్తుంది.

ఆరోగ్యానికి ఇందులో పోషకాలు మెండు అని తరచూ వింటాం. వంద గ్రాముల లెక్క తీస్తే విటమిన్ బి6, మాంగనీసు బాగానే కనిపిస్తాయి. కానీ ఒక రెబ్బ మూడు నాలుగు గ్రాములే. వంద గ్రాములు ఎవరూ తినరు. తెల్లగడ్డ చేసే పెద్ద మేలు నా లెక్కలో వేరే ఉంది. అది ఉన్న కూరకు ఉప్పు, నూనె తక్కువైనా రుచి లోటు తెలియదు. నాయనకు ఉప్పు తగ్గించినప్పుడు మాకు ఆసరా అయింది ఇదే. చప్పిడి పప్పును నోట పెట్టని మనిషి, తెల్లగడ్డ తిరగమోత ఎక్కువ వేస్తే సగం ఉప్పుతో తిన్నాడు.

ఆరో మెట్టు: వంటింటి వైద్యం

జలుబుకు మా ఇంటి మొదటి మందు మిరియాల చారు. నలుగురికి కొలత ఇది. ఎనిమిది రెబ్బలు దంచి పక్కన పెట్టండి. చెంచాడు మిరియాలు, చెంచాడు జీలకర్ర వేరుగా బరకగా పొడి చేయండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పిసికి, నాలుగు గ్లాసుల నీళ్లు చేయండి. పసుపు, ఉప్పు, ఒక నలిపిన టమాట వేసి మరగనివ్వండి. మరుగు పట్టాక మిరియాల పొడి, సగం తెల్లగడ్డ వేసి ఐదు నిమిషాలు ఉంచండి. తిరగమోత పెట్టి, పొయ్యి ఆపేసి, మిగిలిన సగం తెల్లగడ్డ అప్పుడు కలిపి మూత పెట్టండి. మొదటి సగం రుచికి, రెండో సగం ఘాటుకు. గ్లాసులో పోసుకుని వేడిగా తాగితే ముక్కు దారి తెరుచుకుంటుంది. గొంతుకు హాయిగా ఉంటుంది, ఒంట్లోకి నీళ్లు కూడా పోతాయి.

తెల్లగడ్డ జలుబును రాకుండా ఆపుతుందా అంటే, 2001లో 146 మందితో 12 వారాలు చేసిన ఒక పరీక్ష ఉంది. అల్లిసిన్ ఉన్న మాత్రలు వేసుకున్నవాళ్లకు 24 జలుబులు, మందు లేని ఉత్త మాత్రలు వేసుకున్నవాళ్లకు 65 జలుబులు వచ్చాయి. బాగానే ఉంది, కానీ ఒక్క పరీక్షతో తేల్చేయలేం. చారు తాగండి, ఉపశమనం కోసం తాగండి. మూడు రోజులు దాటి జ్వరం ఉన్నా, ఆయాసం వచ్చినా చారు దగ్గర ఆగిపోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తెల్లగడ్డ పాలు ఆయుర్వేదంలో పాత పద్ధతి, క్షీరపాకం అంటారు. సంస్కృతంలో తెల్లగడ్డకు రసోనం అని పేరు. ఆరు రుచుల్లో ఒక్క పులుపు తప్ప తక్కిన ఐదూ అందులో ఉన్నాయని, ఒక రసం ఊనం కాబట్టి రసోనమని వివరిస్తారు. నాలుగు రెబ్బలు చితక్కొట్టి ఆగండి. గ్లాసు పాలు, గ్లాసు నీళ్లు కలిపి అందులో వేసి, సన్నని సెగ మీద గ్లాసు మిగిలేదాకా కాచి వడగట్టండి. పాలు ఘాటును మెత్తబరుస్తాయి. పొడి దగ్గుతో నిద్ర పట్టని రాత్రి ఇది తాగితే గొంతు కుదుటపడుతుంది. పాలు పడని వాళ్లు దీని జోలికి పోవద్దు.

బాలింతలకు మా ఇళ్లలో నెయ్యిలో వేయించిన తెల్లగడ్డ, మిరియాలు, ధనియాలు, జీలకర్ర కలిపిన పొడి పెడతారు. పాలు పడతాయని నమ్మకం. 1991లో పరిశోధకులు పాలిచ్చే తల్లులకు తెల్లగడ్డ మాత్రలు ఇచ్చి చూశారు. పాలకు ఆ వాసన ఎక్కింది, పిల్లలు మామూలు కన్నా ఎక్కువసేపు తాగారు. పాలు పెరిగాయని అది చెప్పదు, పిల్లలకు ఆ రుచి నచ్చిందని మాత్రం చెబుతుంది. నాకు ఆ సంగతి చదివినప్పుడు ఎంత సంతోషమైందో. బిడ్డకు గ్యాస్‌తో కడుపు ఉబ్బినట్టుంటే ఒకటి రెండు రోజులు ఆపి చూడండి. బాలింతకు కారం వద్దనుకుంటే మిరియాలు తగ్గించండి, తెల్లగడ్డ ఉండనివ్వండి.

మోకాళ్ల నొప్పులకు నూనె. వంద మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో పది చితక్కొట్టిన రెబ్బలు, చెంచాడు వాము వేసి, రెబ్బలు కరకరలాడేదాకా సన్నని సెగ మీద కాచి వడగట్టండి. తడి పూర్తిగా పోవాలి. గోరువెచ్చగా పది నిమిషాలు మర్దన చేసి వేడినీళ్లు పోసుకోండి. నొప్పి తగ్గడంలో మర్దనకూ వేడికీ పెద్ద పాత్ర ఉంది. పుండు, గీత, దురద ఉన్న చోట రాయొద్దు. కొంచెం కొంచెంగా చేసుకుని పదిహేను రోజుల్లో వాడేయండి.

బీపీ, కొలెస్ట్రాల్ గురించి నాకు బాగా పట్టింపు, కారణం పైనే చెప్పాను. తెల్లగడ్డ పొడి మాత్రలు, ఊరబెట్టిన సారంతో చేసిన పరీక్షల్లో, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకు కొన్ని పాయింట్లు తగ్గడం కనిపించింది. కొలెస్ట్రాల్ సంగతిలో 2007లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 192 మందికి ఆరు నెలలు పచ్చి తెల్లగడ్డ, రెండు రకాల మాత్రలు, ఉత్త మాత్రలు విడివిడిగా ఇచ్చి చూశారు. చెడు కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొన్ని పాయింట్లు తగ్గించే ఆహారం మాత్రకు తోడు అవుతుంది. మాత్ర ఆపి దీని మీద ఆధారపడితే ఏమవుతుందో మా దొడ్లో చూశాను.

ఎంత తినాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన కొలత రోజుకు రెండు నుంచి ఐదు గ్రాముల పచ్చి తెల్లగడ్డ. అంటే ఒక మామూలు రెబ్బ. పరగడుపునే తినాలన్న నియమం ఏమీ లేదు. దంచి, ఆగి, మొదటి ముద్దలో నెయ్యితో కలుపుకుని తింటే కడుపు మండదు.

చేయకూడనివి

పచ్చి తెల్లగడ్డను చర్మానికి కట్టొద్దు. మొటిమకు, తామరకు, పులిపిరికి, పంటి నొప్పికి చిగురు మీద, పసిపిల్లల ఛాతీకి, అరికాళ్లకు ఎక్కడా వద్దు. దాని గంధక పదార్థాలు చర్మాన్ని నిజంగానే కాలుస్తాయి. పిల్లల చర్మం పల్చన, వాళ్లు మంట చెప్పలేరు. పొరపాటున కాలితే చన్నీళ్లతో బాగా కడిగి డాక్టర్‌కు చూపించండి. పేస్టు, పసుపు పూయకండి.

చెవిలో తెల్లగడ్డ నూనె పోయొద్దు. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో ఇంట్లో మనకు తెలియదు. పసిబిడ్డకు సాంబ్రాణితో పాటు తెల్లగడ్డ పొట్టు పొగ వేయడం మా వైపు ఆచారం. బిడ్డ ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్లతో మెల్లగా మాట్లాడి మాన్పించాలి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు కూరలో తెల్లగడ్డ తినొచ్చు. పచ్చివి రోజూ ఎక్కువగా తినడం, మాత్రలు వేసుకోవడం మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా చేయొద్దు. ఆపరేషన్ ఉంటే వారం పది రోజుల ముందే అవి ఆపాలి. హెచ్ఐవీ మందుల్లో కొన్నిటి బలాన్ని తెల్లగడ్డ మాత్రలు తగ్గిస్తాయి. పుండు, గుండెమంట ఉన్నవాళ్లకు పచ్చిది పడదు. కుక్కకు తెల్లగడ్డ కూర కలిపిన అన్నం పెట్టకండి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ రెండూ దాని రక్తానికి హాని చేస్తాయి.

నూనెలో, తేనెలో వేసేవాళ్లు తప్పక చదవాలి

పచ్చి రెబ్బలను నూనెలో వేసి సీసాలో బయట ఉంచడం అందంగా కనిపిస్తుంది గానీ చాలా ప్రమాదం. మట్టిలోంచి వచ్చిన గడ్డల మీద క్లాస్ట్రీడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. గాలి తగలని, పులుపు లేని చోట అవి మేల్కొని, నరాలను పడేసే విషం తయారు చేస్తాయి. వాసన మారదు, రుచి మారదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్‌లో ఇలాంటి తెల్లగడ్డ నూనె వల్లనే చాలామంది జబ్బు పడ్డారు. ఇంట్లో చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. తేనెలో ఊరబెట్టేది కూడా కొంచెమే చేసుకుని ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఏడాది లోపు బిడ్డకు తేనె ఏ రూపంలోనూ నాకించొద్దు, కారణం ఆ సూక్ష్మజీవే.

మన తెల్లగడ్డ పచ్చడి దీనికి భిన్నం. నిమ్మరసం, చింతపండు పులుపూ, ఉప్పూ ఆ బీజాలను లేవనివ్వవు. అందుకే పచ్చడిలో పులుపు, ఉప్పు తగ్గించి చేయకండి. అరకిలో వలిచిన రెబ్బలకు పావులీటరు నిమ్మరసం, వంద గ్రాముల ఉప్పు, వంద గ్రాముల కారం, యాభై గ్రాముల ఆవపిండి, రెండు చెంచాల మెంతిపిండి, రెబ్బలు మునిగేటంత నూనె నా కొలత. జాడీ, గరిటె ఎండలో ఆరినవే కావాలి. నిమ్మరసం తగిలాక కొన్ని రెబ్బలు పచ్చగానో నీలంగానో మారితే కంగారుపడొద్దు. తెల్లగడ్డ గంధకం పులుపుతో కలిసి ఆ రంగు పుడుతుంది. తినొచ్చు.

వాసన, మొలకలు

నోటి వాసనకు పళ్లు తోముకుంటే చాలదు. ఒక గంధక పదార్థం రక్తంలో కలిసి ఊపిరి ద్వారా బయటికి వస్తుంది. అన్నంతో పాటే పెరుగు, పాలు, పుదీనా, ఆపిల్ లాంటివి తింటే తగ్గుతుంది. తర్వాత తినడం కన్నా అదే భోజనంలో తినడం బాగా పనిచేస్తుంది. ఎర్రకారం అన్నం తిన్నాక చివర్లో పెరుగన్నం తినడం మన పద్ధతి, ఎలాగూ కలిసొచ్చింది.

బుట్టలో మొలకెత్తిన రెబ్బలు మిగిలితే కుండీలో నాటండి. రెబ్బ మొన పైకి, ఒక అంగుళం లోతున, నాలుగు వేళ్ల ఎడంలో. అక్టోబరు తర్వాత ఎండ తగ్గినప్పుడు బాగా వస్తుంది. గడ్డ పెద్దగా ఊరదు, ఆకు కోసమే పెంచాలి. మూడు నాలుగు వారాల్లో జానెడు ఆకు వస్తుంది. అడుగున రెండు వేళ్ల ఎత్తు వదిలి కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. సన్నగా తరిగి జొన్నరొట్టె పిండిలో కలిపి తట్టి చూడండి. ఘాటు తక్కువ, కమ్మదనం ఎక్కువ కాబట్టి పచ్చి తెల్లగడ్డ ముట్టని పిల్లలు కూడా తింటారు. మా మనవరాలు కుండీ దగ్గరే కూర్చుని ఆకు తుంచుకుని తింటుంది.